ఉరుకుందలో గానుగ పెట్టదలచినవారికి

చదువుకొన్న మీ కుమారుడు ఉద్యోగానికి పోనని, ఉరుకుందలో బుడ్డల నూనె గానుగ పెట్టెదనని అన్నచో వెంటనే కాదనకండి. శ్రావణమాసంలో ఈరన్నస్వామి దర్శనానికి జనం వచ్చెదరు, మిఠాయి అంగళ్లకు నూనె కావలెను అని అతని లెక్క. లెక్క మంచిదే. కాని పంచాంగం కూడ చూడవలెను.

వానకారు వేరుసెనగ ఇల్లు చేరునది కార్తీకం నాటికి. అక్కడినుండి శ్రావణానికి తొమ్మిది నెలలు. లక్ష రూపాయల కాయ కొని నిలువ ఉంచినచో, నూటికి నెలకు రూపాయి వడ్డీ అయినను 9,000 రూపాయలగును. సరిగా ఎండని కాయకు బూజు పట్టినచో అందులో విషం పుట్టును. చెక్క పశువులకు కూడ పెట్టరాదు. నా వద్దకు వచ్చు యువకులు యంత్రం ధర అడుగుదురే గాని ఈ తొమ్మిది నెలల సంగతి అడుగరు.

2020లో ప్రారంభించిన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పథకంలో 35 శాతం, 10 లక్షలకు మించకుండ, సబ్సిడీ నిర్ణయించినారు. అది యంత్రాల వంటి స్థిర పెట్టుబడికే. కాయ కొనుటకు సొమ్ము వేరుగా చూచుకొనవలెను. అందుకై పొలం మాత్రం తాకట్టు పెట్టకండి.

దగ్గరలోని ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారిని సహకార సంఘంగా కూర్చినారు. నేత, అమ్మకం రెండును సంఘం ద్వారా సాగినవి. అట్లే నలుగురు రైతులు తమ కాయనే వాటాగా ఇచ్చి, నూనె అమ్ముడైన పిమ్మట సొమ్ము తీసుకొన్నచో అప్పు భారం చాలవరకు తగ్గును.

మొదటి ఏడు యంత్రం కొనకండి. సొంత కాయ కొన్ని బస్తాలు ఇతరుల గానుగలో కూలికి ఆడించి, ఎమ్మిగనూరు, ఆదోనిలలో అడిగి చూడుడు. అమ్మకమునకు ముందే ఆహార భద్రతా రిజిస్ట్రేషను పొందవలెను. నూనెను విడిగా కొలిచి అమ్మరాదు.