సంతకం వేరు, సమ్మతి వేరు

పోయిన ఏడాది ఒక పరిశోధక విద్యార్థి మా బడికి వచ్చాడు. పిల్లల తిండి, బరువు, ఆరోగ్యం గురించి అతని పరిశోధన. ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి ఉత్తరం కూడా చూపించాడు. "సగంమంది తల్లిదండ్రులు ఫారాలు తిరిగి పంపలేదు. వాళ్ల బదులు మీరు సంతకం పెట్టండి, మేడమ్" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నేను పెన్ను తీశాను కూడా.

అప్పుడు ఖమ్మం గుర్తుకొచ్చింది.

2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అందరూ 10 నుంచి 14 ఏళ్లవాళ్లు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. భద్రాచలం అంటే మనకు రాముడి గుడి. ఆ చుట్టుపక్కల చాలామంది గిరిజన పిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. అమ్మానాన్నలు ఎక్కడో ఊళ్లలో ఉంటారు. పార్లమెంటు కమిటీ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 9,543 ఫారాలలో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి.

2010లో ఆ పని ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, కానీ అది టీకా వల్ల కాకపోవచ్చని విచారణలో తేలింది. టీకా మంచిదే. ఇక్కడ దక్షిణాఫ్రికాలో 2014 నుంచి బడుల్లోనే వేస్తున్నారు. నా బాధ టీకా గురించి కాదు. ఆ అమ్మానాన్నలను ఎవరు అడిగారు?

సంతకం చేతితో పెడతాం. సమ్మతి అంటే విషయం తెలుసుకుని, ఇష్టపడి 'సరే' అనడం. ముందు ఎవరైనా విడమరచి చెబితే వేలిముద్ర కూడా సమ్మతే. మన ముత్తాతలు ఒప్పందం మీద నాటాల్‌కు వచ్చారు. ఆ కాగితంలో ఏముందో వాళ్లలో ఎంతమందికి తెలుసో!

మన దేశ చట్టం ప్రకారం, పిల్లల మీద ఆరోగ్య పరిశోధన చేయాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. అర్థం చేసుకోగల వయసు ఉంటే పిల్లలు కూడా ఒప్పుకోవాలి. అందులో టీచరు మాట లేదు.

పెన్ను మళ్లీ బ్యాగులో పెట్టాను. ఇళ్లకు ఫోన్లు చేశాం. జూలూ మాట్లాడే తల్లులకు మా తోటి టీచరు జూలూలోనే చెప్పింది. ఇద్దరు వద్దన్నారు. ఒక పాప మాత్రం, వాళ్లమ్మ సరే అన్నా, తూకం మెషిన్ ఎక్కనంది. ఆమెను లైబ్రరీకి పంపాను. అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు.