పాప ఒక్కతే రాదు... తన గతమూ వెంటే వస్తుంది!

‘లయన్’ సినిమా గుర్తుందా? దేవ్ పటేల్ హీరో. చూడకపోయినా ఆ కథ ఎక్కడో వినే ఉంటారు. ఎందుకంటే అది నిజంగా జరిగింది.

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాకి చెందిన ఐదేళ్ల కుర్రాడు. 1986లో ఓ రాత్రి అన్నతో కలిసి బుర్హాన్‌పూర్ స్టేషన్‌కి వెళ్లాడు. నిద్రమత్తులో, ఆగి ఉన్న రైలెక్కి పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి రైలు కదులుతోంది. దిగేసరికి కలకత్తా! అక్కడి భాష రాదు. ఊరి పేరు అడిగితే వాడు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. కొన్ని వారాలు రోడ్ల మీదే గడిపి, చివరికి ఓ అనాథాశ్రమం చేరాడు. 1987లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాకి చెందిన జాన్, సూ బ్రైర్లీ దంపతులు ఆ పిల్లాడిని దత్తత తీసుకున్నారు. అతనే సరూ బ్రైర్లీ.

పాతికేళ్ల తర్వాత గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాల వెంట వెతుక్కుంటూ తన ఊరిని పట్టుకున్నాడు. 2012లో అమ్మని కలిశాడు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. కానీ ఈ కథలో రెండు చిన్న విషయాలున్నాయి. ఒకటి, తన అసలు పేరు సరూ కాదు, షేరూ. చిన్నప్పుడు నోరు తిరగక అలా పలికేవాడు, అదే పేరైపోయింది. రెండోది, అంత వెతికి అమ్మ ముందు నిలబడ్డాక ఆమెతో మాట్లాడటానికి అతని దగ్గర భాషే లేదు. హిందీ మొత్తం మర్చిపోయాడు.

దత్తత అనగానే మనకి పొత్తిళ్లలో పసిపాపే గుర్తొస్తుంది. ఆరేళ్లు, ఎనిమిదేళ్లు, పదేళ్లు వచ్చాక, అదీ వేరే దేశంలోని ఇంటికి వెళ్లే పిల్లల సంగతి వేరు. వాళ్లకి ఓ పేరుంటుంది. ఓ భాష, ఇష్టమైన కూర, తోడుగా పడుకునే స్నేహితురాలు ఉంటారు. చాలామందికి అమ్మ ముఖం కూడా లీలగా గుర్తుంటుంది. ఇవన్నీ సూట్‌కేసులో పట్టవు, కానీ విమానం మాత్రం ఎక్కుతాయి.

వీళ్లే ఎందుకు వెళ్తారు?

మన దేశంలో దత్తత కోసం ఎదురుచూసే దంపతుల లైను చాలా పెద్దది. అయితే వాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది నెలల పాప, లేదా ఏడాదిలోపు బాబు. ‘పెద్దయితే మనకి అలవాటు పడరేమో’, ‘పాత విషయాలు గుర్తుంటాయేమో’ అన్నవి మన ఇళ్లలో తరచూ వినపడే మాటలే. దాంతో ఐదేళ్లు దాటిన పిల్లలు, విడదీయకూడని అక్కాతమ్ముళ్లు, ఆరోగ్య సమస్యలున్నవాళ్లు శిశుగృహల్లో, హోముల్లో మిగిలిపోతారు.

బాలల న్యాయ చట్టం 2015 దీనికి ఓ దారి చూపింది. పిల్లల్ని దత్తతకి ఇవ్వొచ్చని తేలిన 60 రోజుల్లోపు దేశంలోని వాళ్లు గానీ, ప్రవాస భారతీయులు గానీ ముందుకు రాకపోతే విదేశీ దత్తతకి పంపొచ్చు. ఆ పంపడంలో ఐదేళ్లు దాటిన పిల్లలకి, తోబుట్టువులకి, వైకల్యమున్నవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వొచ్చని కూడా చట్టమే చెప్తుంది. అలా మన పిల్లలు ఎక్కువగా వెళ్లే దేశాల్లో అమెరికా, ఇటలీ, స్పెయిన్ ఉన్నాయి.

అంటే మనం ‘పెద్దయిపోయింది’ అని పక్కనపెట్టిన పాపే సముద్రాలు దాటి ఎవరింట్లోనో పాపాయి అవుతోంది. సంతోషించాల్సిన విషయమే. కాకపోతే అసలు పని అక్కడ ఎయిర్‌పోర్టులో దిగాకే మొదలవుతుంది.

దిండు కింద బ్రెడ్డు ముక్క

హోములో పెరిగిన ఎనిమిదేళ్ల పాపని ఊహించుకోండి. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. గదిలో పాతికమంది. ఇప్పుడు హఠాత్తుగా తనకంటూ ఓ గది, రాత్రయితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికే భయపడి నిద్రపట్టని పిల్లలు ఉంటారు.

మొదటి కొన్ని వారాలు పిల్లలు చాలా బుద్ధిగా ఉండటం మామూలే. చెప్పిందల్లా వింటారు, పెట్టిందల్లా తింటారు. అమ్మానాన్నలు ‘అబ్బ, ఎంత తేలిగ్గా కలిసిపోయిందో’ అనుకుంటారు. నిజానికి అది ఇంట్లో చుట్టంలా ఉండటం. ఇక్కడే ఉండబోతున్నానని కాస్త నమ్మకం కుదిరాక అసలు కోపం, ఏడుపు బయటికొస్తాయి. నేను మొండికేస్తే వీళ్లూ నన్ను వదిలేస్తారా అన్నది ఆ పిల్లలు తెలియకుండానే పెట్టే పరీక్ష.

తిండి దాచుకోవడం కూడా ఇలాంటిదే. దిండు కింద బ్రెడ్డు ముక్క, స్కూలు బ్యాగులో అరటిపండు. ఫ్రిజ్ నిండా తిండి ఉన్నా అంతే. ఆకలి చూసిన కడుపు అంత తొందరగా నమ్మదు. దీన్ని దొంగతనం అని తిట్టకూడదని నిపుణులు చెప్తారు. పిల్లలకి అందేచోట ఓ బుట్ట పెట్టి ‘ఇది నీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిను’ అంటే చాలు. బుట్ట ఖాళీ కాదని తెలిశాక దాచుకోవడం నెమ్మదిగా తగ్గుతుంది.

ఇంకోటి. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కోసారి మూడేళ్ల పాపలా చేస్తుంది. ముద్దలు కలిపి పెట్టమంటుంది, ఎత్తుకోమంటుంది. మూడేళ్లప్పుడు దొరకనిది ఇప్పుడు అడుగుతోంది అంతే. ‘ఇంత పెద్దదానివి, సిగ్గులేదా’ అంటే ఆ తలుపు మూసేసినట్టే.

తెలుగు ఎటు పోతుంది?

సరూ హిందీ మర్చిపోవడం వింతేం కాదు. ఫ్రాన్స్‌లో 2003లో ఓ పరిశోధన వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రెంచ్ కుటుంబాలకు దత్తత వెళ్లి, పెద్దయినవాళ్లకి కొరియన్ వాక్యాలు వినిపించారు. గుర్తుపట్టలేకపోయారు. మెదడు స్కానింగ్ చేస్తే, కొరియన్ వింటున్నప్పుడు వాళ్ల మెదడు ఎప్పుడూ కొరియన్ వినని ఫ్రెంచ్ వాళ్ల మెదడులాగే స్పందించింది! అమ్మ భాష అంత పూర్తిగా పోతుందన్నమాట.

అయితే 2017లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మరో పరిశోధన కొంచెం ఊరటనిచ్చింది. అక్కడికి దత్తత వెళ్లిన కొరియన్లు పెద్దయ్యాక ఆ భాష శబ్దాలు నేర్చుకోవడంలో మిగతావాళ్ల కంటే ముందున్నారు. పైకి ఏమీ గుర్తులేదు. లోపల మాత్రం ఏదో మిగిలే ఉంది.

మన పాపకైనా ఇంతే. తెలుగు మాట్లాడేవాళ్లు చుట్టూ లేకపోతే రోజువారీ మాటలు నెలల్లోనే జారిపోవడం మొదలవుతుంది. ఇంగ్లిష్ ఇంకా రాదు, తెలుగు పోతోంది. ఆ మధ్యకాలంలో తనకి జరిగింది చెప్పుకోవడానికి ఏ భాషా ఉండదు. అందుకే వచ్చిన కొత్తల్లోనే తెలుగు తెలిసినవాళ్ల సాయంతో పాప చెప్పేది వినాలి, రాసిపెట్టుకోవాలి. సరూ గదిలో గోడకి ఇండియా మ్యాప్ తగిలించింది సూ బ్రైర్లీనే. ఆ మ్యాప్ చూస్తూ పెరిగిన పిల్లాడే పెద్దయ్యాక దారి వెతుక్కున్నాడు.

“మాకు అమ్మ ఉంది”

పెద్ద పిల్లలు చెప్పేది ఎందుకు వినాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన ఓ కేసు చూస్తే తెలుస్తుంది.

అమెరికాలోని అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్, ఆయన భార్య 1998లో మన రాష్ట్రం నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లని దత్తత తీసుకున్నారు. పసివాళ్లు కాదు, ఊహ తెలిసిన ఆడపిల్లలు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కానీ వెళ్లిన కొన్నాళ్లకే ఆ పిల్లలు నోరు విప్పారు. అమ్మ తమని వదిలేయలేదని, తమని ఇలా పంపడం ఆమెకి ఇష్టం లేదని చెప్పారు. ఆ దంపతులు పిల్లల మాట కొట్టిపారేయలేదు. ఏళ్ల తరబడి వెతికితే కన్నతల్లి దొరికింది. పిల్లలు చెప్పిందే నిజమని తేలింది.

స్మోలిన్ అక్కడితో ఆగలేదు. ఈ అక్రమాల మీద ఏళ్లపాటు పరిశోధన పత్రాలు రాశారు. దొంగ డబ్బుని లెక్కల్లో కడిగి మంచి డబ్బు చేస్తే మనీ లాండరింగ్ అంటాం కదా? అమ్మ నుంచి అక్రమంగా తెచ్చిన బిడ్డని కాగితాల్లో ‘అనాథ’గా మార్చడాన్ని ఆయన ‘చైల్డ్ లాండరింగ్’ అన్నారు. 1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాద్ కేంద్రంగా శిశువిక్రయాల వ్యవహారాలు బయటపడ్డాయి. లంబాడీ తండాల నుంచి ఆడశిశువులని కొని దత్తత పేరుతో పంపారన్న వార్తలు అప్పట్లో రాష్ట్రాన్ని కుదిపేశాయి.

ఒక్కటి గమనించండి. నెలల పాప అయితే ఏమీ చెప్పలేదు. కాగితం ఏం చెప్తే అదే నిజం. ఊహ తెలిసిన పిల్ల మాత్రం తన కథకి తనే సాక్షి. ఏ భయంతో పెద్ద పిల్లలు వద్దంటామో, ఆ జ్ఞాపకమే వాళ్లకి రక్షణ.

ఇప్పుడు రూల్స్ ఎలా ఉన్నాయి?

దేశాల మధ్య దత్తతకి హేగ్ ఒప్పందం అని ఒకటుంది. 1993 నాటిది. 2003లో మన దేశం అందులో చేరింది. పిల్లల వయసు, తెలివిడిని బట్టి వాళ్లకి అన్నీ వివరించి, వాళ్ల ఇష్టాయిష్టాలు పట్టించుకోవాలని ఆ ఒప్పందంలోనే ఉంది. మన దగ్గర అంతా కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే ‘కారా’ ద్వారానే జరగాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ‘కేరింగ్స్’ పోర్టల్‌లో పెట్టాలి. ‘మాకు తెలిసినవాళ్లున్నారు, డైరెక్టుగా ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే అది నేరం.

కన్నవాళ్లు బిడ్డని అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. తప్పిపోయిన, వదిలేసిన పిల్లలైతే ముందు తల్లిదండ్రుల కోసం వెతకాలి. ఎవరూ దొరకకపోతేనే బాలల సంక్షేమ కమిటీ దత్తతకి ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టర్ ఇస్తున్నారు. విదేశం వెళ్లాక రెండేళ్లపాటు పాప ఎలా ఉందో రిపోర్టులు రావాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి.

పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కోవడానికి సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ లోపైతే పెంచినవాళ్లతో కలిసి చేసుకోవచ్చు.

మరో కాగితం గురించి కూడా చెప్పుకోవాలి. పౌరసత్వం! అమెరికాలో 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకొచ్చిన చట్టంతో దత్తత పిల్లలకి షరతుల మేరకు పౌరసత్వం దానంతటదే వస్తుంది. కానీ అప్పటికే 18 దాటినవాళ్లకి అది వర్తించలేదు. చిన్నప్పుడు ముంబయి నుంచి దత్తత వెళ్లిన ఓ మహిళని, ఒక కేసులో శిక్ష పడ్డాక, పౌరసత్వం లేదన్న కారణంతో 2008లో ఇండియాకి తిప్పి పంపేశారు. పెంచినవాళ్లు ఆ కాగితం పని పూర్తి చేయలేదు, అంతే. ఆమెకి ఇక్కడ ఎవరూ తెలియదు, భాషా రాదు.

మనకేంటి సంబంధం?

ఉంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన అక్కాబావలు, ఫ్రెండ్స్‌లో దత్తత ఆలోచన ఉన్నవాళ్లుంటారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులని దత్తత విషయంలో ఇక్కడి వాళ్లతో సమానంగా చూస్తారు. వాళ్లింటికి ఏడేళ్ల తెలుగు పిల్ల వెళ్తే కనీసం భాషైనా నిలుస్తుంది. పప్పన్నంలో నెయ్యి వేసి కలిపే చెయ్యి దొరుకుతుంది.

దత్తత తీసుకోకపోయినా చేయగలిగింది ఉంది. మీ అపార్ట్‌మెంట్‌లోకో, క్లాసులోకో అలాంటి పిల్లలు వస్తే ‘మీ అసలు అమ్మానాన్నలెవరు?’ అని అడక్కండి. ఆ కథ ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు వాళ్లది. ‘నీ అదృష్టం బాగుంది’ అని కూడా అనకండి. ఆ అదృష్టానికి ముందు వాళ్లు పోగొట్టుకున్నది మనకి తెలియదు. దారిలో తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే మాత్రం ఫొటో తీసి స్టేటస్ పెట్టే ముందు 1098కి ఫోన్ చేయండి. ఆ ఒక్క కాల్‌తో పాప తన ఇంటికే చేరొచ్చు.

ఇక దత్తత ఆలోచనలో ఉండి, ‘చిన్నపిల్లైతేనే మంచిది, ఏమీ గుర్తుండదు’ అని ఎవరైనా అంటే సరూ కథ చెప్పండి. అతను పెంచిన అమ్మని వదిలి కన్నతల్లి దగ్గరికి వెళ్లిపోలేదు. ఇద్దరు అమ్మలూ అతనికి అమ్మలే. ఒకరు గుర్తున్నంత మాత్రాన ఇంకొకరికి చోటు తగ్గలేదు.