పోపుల పెట్టెకూ ఒక పద్దు

పోపుల పెట్టె లేని తెలుగు వంటిల్లు వుండదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప ముక్కలు - మూత తీస్తే అన్నీ కళ్లెదుటే. ఏది తగ్గిందో ఒకరు చెప్పక్కర్లేదు. చిక్కంతా ఆ పెట్టెతో కాదండీ, దాని వెనకాల అలమరలో దాచే సరుకుతోటి. పైఅరలో రబ్బరుబ్యాండు చుట్టిన ధనియాల పొట్లం ఎప్పటిది? రెండు పసుపు పేకెట్లలో ముందు కొన్నదేది? మూత బిగుసుకుపోయిన ఆ సీసాలో తెల్లగా వున్నదేమిటి? ఈ మూడింటికీ లేచి చూడకుండా జవాబు చెప్పగల ఇల్లాలు ఇక్కడితో పేజీ తిప్పేయవచ్చు.

మన పెద్దవాళ్లు చీటీలు అంటించలేదు, పద్దులూ రాయలేదు. మరి వాళ్లకెలా తెలిసేది? ఏడాదికి ఒక్కసారే కొనేవారు గనక. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకాలు. గుంటూరు యార్డుకి మిరపకాయలు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా. ధనియాలు, ఆవాలు, మెంతులు శీతకాలపు పంటలే. చింతపండూ అప్పుడే కొత్తది. అంటే ఉగాదికి అటూ ఇటూగా దినుసులన్నీ ఒక్కసారే కొత్తవి వస్తాయి, ఎండబెట్టుకోవడానికి ఎండలూ సిద్ధంగా వుంటాయి. ఎండబెట్టి, దంచి, జాడీల కెత్తితే మళ్లీ ఉగాది దాకా చూసుకోనక్కర్లేదు. జాడీలో వున్నది ఏదైనా ఆ యేటిదే.

ఇప్పుడు నూరు గ్రాములు, రెండొందల గ్రాములు లెక్కన ఎప్పుడు పడితే అప్పుడు కొంటున్నాం. కొనడం సులువైంది, లెక్క తప్పింది. పైగా పేకెట్టు మీద అచ్చువేసిన తేదీ దాన్ని కట్టిన తేదీయే గాని పంట కోసిన తేదీ కాదు. మిరపకాయల్ని శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి వుంచి అమ్ముతారు. అందులో తప్పేమీ లేదు, చల్లదనంలో రంగు నిలుస్తుంది. కాని బయటికి వచ్చాక చెమ్మ పడుతుంది. అందుకని శ్రావణంలో కొన్న కాయల్ని కొన్నట్టే డబ్బాలో పోయకూడదు. ఎండ చూసి ఆరబెట్టాలి. చేత్తో కదిపితే లోపలి గింజలు గలగలమనాలి, విరిస్తే పెళుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి వున్నట్టే.

దినుసుల సువాసన అంతా వాటిలోని నూనెది. ఆ నూనె గాలికి ఎగిరిపోయే రకం. గింజ గింజగా వున్నంతకాలం లోపలే దాగి వుంటుంది, దంచామంటే తలుపులు తీసినట్టే. అందుకే ధనియాలు ఏడాది ఆగుతాయి, ధనియాలపొడి ఆగదు. నా లెక్క చెబుతాను: ఆవాలు, మెంతులు, మిరియాలు పొడిగా వుంచితే రెండేళ్లయినా దిగుల్లేదు. జీలకర్ర, ధనియాలు, లవంగాలు ఒక ఏడు. ధనియాలపొడి, జీలకర్రపొడి మాత్రం రెండు నెలలకి మించి చేసుకోకండి. కారమూ, పసుపూ చీకట్లో వుంటే ఏడాది నిలుస్తాయి. వెలుగులో పెడితే ఆ రెండింటి రంగూ వెలిసిపోతుంది. గాజు సీసాల్లో పోసి, గోడకి బల్ల కొట్టి వరసగా నిలబెడితే చూడ్డానికి ముచ్చటే, ఫొటోలకి ఇంకా ముచ్చట. దినుసుకి మాత్రం అది శిక్ష. గాజు మంచిదే, తలుపున్న అలమరలో పెట్టండి.

పొయ్యి పైనున్న గూడు అందరికీ చేతికందే చోటు, అన్నిటికంటె చెడ్డ చోటూ అదే. వేడీ ఆవిరీ అక్కడికే పోతాయి. పొయ్యి దగ్గర పోపుల పెట్టె ఒక్కటే వుండాలి, అందులో పది పదిహేను రోజులకి సరిపడా సరుకే వుండాలి. ఉడికే కూర మీదనే డబ్బా వంచి పొడి దులపరించే అలవాటు చాలామందికి వుంది. ఆ ఆవిరంతా డబ్బాలోకి చేరి నాలుగు రోజుల్లో పొడి గడ్డకడుతుంది. పళ్లెంలోకి తీసుకుని వెయ్యడానికి ఎంతసేపు? ఇంగువ సంగతి వేరు. దాని వాసన పొరుగు డబ్బాలకీ పాకుతుంది గనక గట్టి మూత వున్న చిన్న డబ్బా దానికి విడిగా వుండి తీరాలి.

ఇక ఆ తెల్ల సీసా. వంటసోడా, చాకలిసోడా, పటికపొడి, నిమ్మ ఉప్పు, మొక్కజొన్న పిండి, బోరిక్ పౌడరు - పక్కపక్కన పెడితే ఏది ఏదో కంటికి తెలియదు. బియ్యానికి పురుగు పట్టకుండా బోరిక్ పౌడరు కలిపే ఇళ్లు మనలో చాలానే వున్నాయి. బొద్దింకలకి పెట్టేదీ అదే. కడుపులోకి పోతే అది విషం, పసిపిల్లలకి మరీను. చాకలిసోడా వంటసోడా అనుకుని పిండిలో వేస్తే నోరూ గొంతూ పొక్కుతాయి. కాబట్టి, నా మాట కరుకుగా వుంటే వుండనివ్వండి: తినని పొడి ఏదీ వంట అలమరలో వుండకూడదు, పైఅరలో కూడా. తినే డబ్బా ఖాళీ అయితే అందులో తిననిది పోయకూడదు. పేరు లేని తెల్లపొడి కనబడితే నాలిక మీద వేసి పరీక్ష చేయకండి, పారేయండి. బియ్యానికి ఎండిన వేపాకు చాలు.

పారెయ్యడానికి చెయ్యి రానిది మరొకటుంది, బూజు పట్టిన మిరపకాయ. పైకి ఎర్రగానే వుంటుంది, చీలిస్తే లోపల బూడిదరంగు పొడి. తుడిచి ఎండబెట్టి వేయించుకుంటే సరి అనుకుంటారు. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది కాలేయానికి చేటు. మన వంటవేడికి ఆ బూజు చస్తుందేమో గాని విషం పోదు. ఎండుకొబ్బరికీ వేరుశనగపప్పుకీ కూడా ఇదే మాట.

పురుగు సంగతి ఇంత భయపడాల్సింది కాదు. ధనియాల్లో, పసుపుకొమ్ముల్లో కనబడే చిన్న గోధుమరంగు పెంకిపురుగు చాలాసార్లు గుడ్ల రూపంలో సరుకుతోనే వస్తుంది. కొన్న వెంటనే గట్టి ఎండలో రెండు మూడు రోజులు పోయడం అందుకే. పసుపుకొమ్ములు ఎండబెట్టండి గాని పసుపుపొడి ఎండలో పెట్టకండి. ఎండ లేని కాలంలో, ఫ్రిజ్ వున్నవాళ్లు మూతబిగించిన సంచిలో పైనున్న మంచుగదిలో అయిదారు రోజులు వుంచవచ్చు. తీశాక బయటి వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, లేకపోతే చెమ్మ దిగుతుంది.

పద్దు అన్నాను కదా, అది పెద్ద పని కాదు. ప్రతి డబ్బాకీ ఒక చీటీ: పేరు, కొన్న నెల, విప్పిన నెల. చీటీ మూత మీద కాక డబ్బా ఒంటిమీద అంటించండి, కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి. పాతదాని మీద కొత్తది పోయకండి, పాతది అయ్యాక డబ్బా కడిగి ఆరబెట్టి పోయండి. విప్పిన నెల ఎందుకంటారా? నవంబరు మొదట్లో విప్పిన అరకిలో ధనియాలు ఫిబ్రవరి ఆఖరికి అయితే మీ ఇంటికి నెలకి 125 గ్రాములు కావాలన్నమాట. అప్పుడు ఉగాదికి ఎంత కొనాలో అంగట్లో నిలబడి ఊహించక్కర్లేదు, ఒకటిన్నర కిలోలు. రెండేళ్లు ఇలా రాసి చూడండి, సోంపు, జాపత్రి లాంటివి మనం ఎంత అనవసరంగా కొంటున్నామో బయటపడుతుంది.

ఇంట్లో వండేది మీరొక్కరే కాదు. మీకు జ్వరమొస్తే మావారో, అమ్మాయో, అత్తగారో గరిటె పట్టుకుంటారు. జీలకర్ర ఏదో సోంపు ఏదో, ధనియాలపొడి ఏదో జీలకర్రపొడి ఏదో వాళ్లు మంచం దగ్గరికి వచ్చి అడిగే పని వుండకూడదు. చదువు రాని పెద్దవాళ్లుంటే చీటీ పక్కన ఆ గింజలే నాలుగు పెట్టి పైన పారదర్శకమైన టేపు అంటించండి. చూపు మందగించినవాళ్లకి అక్షరాలు లావుగా, నల్లసిరాతో రాయండి.