వాయిదా తేదీ ఫోన్‌లో కనిపిస్తే చాలా?

మొయినాబాద్ రైతుకు చేవెళ్ల కోర్టులో భూమి దావా ఉందనుకుందాం. తర్వాతి వాయిదా ఎప్పుడో తెలియాలంటే ఒకప్పుడు వకీలునో, ఆయన గుమస్తానో అడగాల్సిందే. ఇప్పుడు ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిసిన 16 స్థానాల సీఎన్ఆర్ నంబరు ఉంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే కేసు ఏ దశలో ఉందో, మళ్లీ పేషీ ఎప్పుడో తెలుస్తుంది. 2007లో మొదలైన ఈకోర్టుల ప్రాజెక్టు మూడో దశకు కేంద్రం 2023లో రూ.7,210 కోట్లు మంజూరు చేసింది. మరి వాడేవారికి తృప్తిగా ఉందా? మనసులోని ఆ మాటను కొలిచేదెలా?

1988లో అమెరికాలో డోల్, టోర్క్‌జాదే అనే పరిశోధకులు 12 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. ఆ ప్రశ్నలన్నీ ఐదు అంశాల కిందికి వస్తాయి: కావలసిన సమాచారం ఉందా, అది సరైనదేనా, చదవడానికి వీలుగా ఉందా, వాడటం తేలికేనా, సమయానికి అందుతోందా? ఈ ఐదు అంశాలకూ 1 నుంచి 5 దాకా మార్కులు వేయించాలి.

విడివిడిగా అడగడంలోనే కిటుకుంది. యాప్ సులువుగా తెరుచుకుంటే 5 మార్కులు పడతాయి. వాయిదా మారిన సంగతి రైతు కోర్టుకు చేరాక కనిపిస్తే 1 పడుతుంది. రెండింటి సగటు 3. ఫర్వాలేదనిపించే ఆ అంకె వెనక ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోయాయి. అప్పీలు జిల్లా కోర్టుకు వెళ్తే నష్టం ఇంకా పెద్దది. ఆ కోర్టున్న ఎల్బీనగర్‌కు మొయినాబాద్ నుంచి నగరమంతా దాటాలి.

కోర్టుల్లో మరో చిక్కుంది. ఓడినవారు ఆ కోపంతో యాప్‌కూ తక్కువ మార్కులు వేయొచ్చు. అందుకే తీర్పు రాకముందే, ఇరుపక్షాలనూ అడగాలి.

యాప్‌లోనే అభిప్రాయం అడిగితే యాప్ వాడగలిగినవారే జవాబిస్తారు. చదువు రానివారు, స్మార్ట్‌ఫోన్ లేనివారు, కొడుకుతో చూపించుకునేవారు లెక్కలోకే రారు. కోర్టు ఆవరణలో కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే అడిగి రాసుకోవాలి. కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే కోర్టు సిబ్బందినీ అడగాలి. వాళ్ల పని నెమ్మదిస్తే కొత్త తేదీ ఎక్కడం ఆలస్యమవుతుంది, ఆ భారం కక్షిదారు మీద పడుతుంది.

కొలిచి దాచుకుంటే ప్రయోజనం లేదు. అన్నింటికన్నా తక్కువ మార్కులొచ్చిన అంశాన్ని ముందు సరిచేసి, ఆర్నెల్ల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఆ అంశానికి మార్కులు పెరిగితేనే పెట్టిన ఖర్చు కక్షిదారుకు అందినట్టు.