కుక్కపిల్ల కావాలా? ముందు అమ్మానాన్నలు మాట్లాడుకోవాలి

"ఈసారి మంచి ర్యాంకు వస్తే కుక్కపిల్లను తెస్తావా నాన్నా?" వేసవి సెలవులు దగ్గరపడితే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. తల్లిదండ్రుల్లో ఒకరు సరేనంటారు. ఇంకొకరికి ఇష్టం లేకపోయినా పిల్లల ముఖం చూసి ఊరుకుంటారు. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఒక చిన్న లెక్క చూడండి. కుక్క సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది. మీ అమ్మాయి ఇప్పుడు 7వ తరగతి అనుకుందాం. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కు హాస్టల్, ఆ తర్వాత వేరే ఊళ్లో కాలేజీ. తను ఇల్లు వదిలేనాటికి కుక్కకు మూడు, నాలుగేళ్లే ఉంటాయి. ఆ తర్వాత దానికి తిండి పెట్టేది, బయట తిప్పేది, ముసలితనంలో చూసుకునేది మీరిద్దరే. అడిగేది పిల్లలే అయినా పెంచేది భార్యాభర్తలు. అందుకే ఒక్కరి 'సరే' సరిపోదు.

ఇద్దరూ తేల్చుకోవలసినవి

పని: రోజుకు కనీసం రెండుసార్లు బయటికి తీసుకెళ్లాలి. వానైనా, పరీక్షలైనా తప్పదు. 'అందరం చూసుకుందాం' అనుకున్న పని చివరికి ఒక్కరి మీదే పడుతుంది. ఉదయం ఎవరు, సాయంత్రం ఎవరు, ఇల్లు తడిపితే తుడిచేది ఎవరు అన్నది పేర్లతో సహా కాగితం మీద రాసుకోండి.

ప్రయాణాలు: సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది? చూసుకునేవాళ్లను ముందే అడిగి ఉంచుకోండి.

ఖర్చు: కొన్న ధరతో ఖర్చు అయిపోదు. నెలనెలా తిండి ఖర్చు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు వరుసగా టీకాలు, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం రేబిస్ టీకా వేయించాలి. వయసు మీదపడితే వైద్యం ఖర్చు పెరుగుతుంది. హైదరాబాద్ వంటి నగరాల్లో మున్సిపల్ లైసెన్సు కూడా తీసుకోవాలి.

ఇల్లు: అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందే అడగండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని పక్కింటివారి ఇబ్బందిని పట్టించుకోకపోవడం సరికాదు. ఇంట్లో పెద్దవాళ్ల ఆచారాలు, ఎవరికైనా ఉన్న అలర్జీ కూడా చూసుకోవాలి.

ఏ కుక్క: హస్కీ, సెయింట్ బెర్నార్డ్ చలి దేశాల జాతులు. మన ఎండల్లో అవి చాలా బాధపడతాయి. నాటు కుక్కలు మన వాతావరణానికి అలవాటుపడినవి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నిబంధనల ప్రకారం కుదరదు. అంతకంటే చిన్నదాన్ని ఇస్తామంటే తీసుకోకండి.

నెల రోజుల పరీక్ష

కుక్కను తెచ్చే ముందు ఒక నెలపాటు రోజూ ఉదయం అయిదున్నరకు లేచి, రాసుకున్న వంతుల ప్రకారం అరగంట నడవండి. పిల్లలను కూడా తీసుకెళ్లండి. కుక్కకయ్యే నెల ఖర్చును ఒక డబ్బాలో వేయండి. రెండో వారానికే వంతులు తప్పుతుంటే మీకు జవాబు దొరికినట్టే.

వద్దనుకుంటే

'తర్వాత చూద్దాం' అని నాన్చకండి. ర్యాంకుకు ముడిపెట్టకండి. కుక్క బహుమతి వస్తువు కాదు. ర్యాంకు తెచ్చుకున్నాక కాదంటే పిల్లలకు మీ మాట మీద నమ్మకం పోతుంది. ఇద్దరూ కలిసి కూర్చుని, 'మాకు రోజూ ఇంత సమయం కుదరదు' అని అసలు కారణం చెప్పండి. ఆ రోజు అలిగినా, కారణం వాళ్లకు అర్థమవుతుంది.

తెచ్చిన ఆర్నెల్లకే కుక్కను ఎవరికో ఇచ్చేస్తేనో, వీధిలో వదిలేస్తేనో అది తట్టుకోలేదు. అడ్డమైతే వదిలేయవచ్చని పిల్లలు కూడా మన దగ్గరే నేర్చుకుంటారు. ఇద్దరూ మనస్ఫూర్తిగా సరేననుకున్న రోజే కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోండి.