తడి ఆరితే చెడే స్ఫటికం

మైలుతుత్తం సంతృప్త ద్రావణంలో చిన్న స్ఫటికాన్ని దారంతో వేలాడదీసి, అది రోజురోజుకూ పెరగడం మీరు బడిలో చూసే ఉంటారు. పెరిగాక తీసి, తుడిచి, అగ్గిపెట్టెలో దాచుకున్నా దానికేమీ కాదు. కాని ప్రోటీను స్ఫటికాన్ని అలా తుడిచి ఆరబెడితే చాలావరకు పనికిరాకుండా పోతుంది. ఎందుకో చూద్దాం.

స్ఫటికంలో అణువులు, ప్రార్థన వేళ మీరు నిలబడే వరుసల్లా, క్రమంగా అమరి ఉంటాయి. వాటిమీద ఎక్స్-కిరణాలు పడితే కొన్ని దిశల్లోకి మాత్రమే బలంగా చెదిరి, ఫిల్ముమీద చుక్కలుగా కనిపిస్తాయి. దీన్నే వివర్తనం అంటారు. ఆ చుక్కల ఆధారంగా ఎన్నో లెక్కలు చేసి అణువు ఆకారాన్ని తెలుసుకుంటారు. వరుస చెదిరితే చుక్కలుండవు.

పెప్సిన్ మన కడుపులో ఆహారాన్ని జీర్ణం చేసే ప్రోటీను. 1934లో స్వీడన్‌లోని ఉప్సాలాలో జాన్ ఫిల్పాట్ పెప్సిన్ ద్రావణాన్ని రిఫ్రిజిరేటరులో ఉంచి, మంచుమీద స్కీయింగుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అందులో రెండు మిల్లీమీటర్ల పొడవైన స్ఫటికాలు పెరిగి ఉన్నాయి! గ్లెన్ మిల్లికన్ అనే శాస్త్రజ్ఞుడు వాటిని ద్రావణంతో సహా కోటు జేబులో పెట్టుకుని కేంబ్రిడ్జిలోని జె. డి. బెర్నల్‌కు అందజేశాడు.

బెర్నల్ ఒక స్ఫటికాన్ని బయటికి తీసి ఫోటో తీస్తే, ఫిల్ముమీద మసకమరక తప్ప ఏమీ రాలేదు. సూక్ష్మదర్శినితో చూస్తే, ద్రావణంలో మెరుస్తున్న స్ఫటికాలు ఆరగానే మెరుపు కోల్పోతున్నాయి. కిటుకు దొరికింది! ఈసారి స్ఫటికాన్ని దాని ద్రావణంతోనే సన్నని గాజుగొట్టంలో మూసి ఉంచాడు. చక్కని చుక్కలు వచ్చాయి. ఆ ఏడే బెర్నల్, డొరతీ క్రోఫుట్ కలిసి 'నేచర్' పత్రికలో ఈ సంగతి ప్రకటించారు.

మైలుతుత్తం స్ఫటికంలోనూ నీరుంది. వేడిచేస్తే అది పోయి తెల్లని పొడి మిగులుతుంది. ప్రోటీను స్ఫటికంలోనైతే దాదాపు సగం నీరే. భారీ అణువులు అక్కడక్కడ మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి, సందులన్నీ ద్రావణమే. అది ఆరిందా, ఎండిన చెరువు మట్టిలా అమరిక చెదిరిపోతుంది.

పెంచడానికీ ఓపిక కావాలి. ప్రోటీను, లవణం కలిసిన బొట్టును గాజుపలకకు వేలాడదీసి, మరింత గాఢమైన లవణ ద్రావణంపై బోర్లించి మూస్తారు. బొట్టులోని నీరు మెల్లగా ఆవిరై కిందికి చేరుతుంటే అణువులు తీరిగ్గా వరుస కడతాయి. తొందరపెడితే ముద్దవుతాయి. ఈ రోజుల్లో స్ఫటికాన్ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, ఎక్స్-కిరణాల తాకిడికి త్వరగా పాడవకుండా కాపాడుతున్నారు.

1958లో జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్ ఆకారాన్ని కనుక్కుంది. ఆకారం తెలిసిన తొలి ప్రోటీను అదే. అందుకు దారి చూపినది, తుడిచివేయకుండా ఉంచిన ఆ కాస్త తడే.