ఒక అగ్గిపుల్ల, రెండు మరమ్మతులు

అమెరికాలో ఇల్లు కొనబోయేవారు ముందుగా తనిఖీ నిపుణుడిని పిలిపించి పైకప్పు నుంచి పునాది వరకు చూపించుకోవడం ఆనవాయితీ. అటువంటి తనిఖీదారుల సంఘం అక్కడ 1976లోనే ఏర్పడింది. మెదక్ పట్టణంలో ఆ పని మేస్త్రీ, వడ్రంగి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ల చేతుల్లో ఉంది కాబట్టి, పాత ఇళ్లలోని వారు తమకు తోచినట్లు చేసుకున్న మరమ్మతులు ముందుగా వీరి కంటనే పడతాయి. జనం జుగాడ్ అని పిలుచుకునే ఈ పనుల్లో కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్నింటి వెనక చక్కని బుద్ధి కనిపిస్తుంది, కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పగిలిన గూనపెంకుల మీద పెళ్లి ఫ్లెక్సీ పరిస్తే వధూవరుల ఫొటోలు ఆకాశం వైపు చూస్తూ ఒక వానకాలాన్ని గట్టెక్కిస్తాయి, ఆపైన ఎండకు ఫ్లెక్సీ పెళుసుబారుతుంది. కారే పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం ఇంతకంటే తెలివైన పని. ట్యాంకులోని నీటిమట్టం కుళాయికి 3 మీటర్ల ఎత్తున ఉంటే పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 కిలోలే కాబట్టి, బిగువుగా లాగి చుట్టిన రబ్బరు దానిని ఆపగలదు. అదే పైపులోకి బోరు మోటారు నీటిని నేరుగా వదిలిన రోజున మాత్రం ఆ చుట్టు ఊడిపోతుంది.

అన్నింటికంటే ఎక్కువగా గమనించదగినది అగ్గిపుల్ల. మడతబందు స్క్రూ రంధ్రం అరిగి తలుపు జారినప్పుడు, ఆ రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ బిగిస్తే కొత్త కర్ర మరలకు పట్టునిస్తుంది; ఇది వడ్రంగులు సైతం చేసే సరైన పని. అదే పుల్లతో, ప్లగ్గు లేని రెండు వైర్ల కొసలను సాకెట్టులో బిగించడం మాత్రం అపాయకరం. తీగ వదులుగా తగిలిన చోట నిప్పురవ్వలు రేగి వేడి పుడుతుంది, అంటుకోవడానికి పుల్ల అక్కడే సిద్ధంగా ఉంటుంది.

ఆ రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తగిలితే కాపాడవలసింది ఫ్యూజు, అనగా పరిమితికి మించి కరెంటు ప్రవహించగానే తాను కరిగి సరఫరాను తెంచే సన్నని తీగ. అది మాటిమాటికీ పోతోందని 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరింగు తీగ ముక్కను బిగిస్తే, ఆ ముక్క కరగడానికి 100 ఆంపియర్లకు పైగా కావాలి. ఆలోపే గోడలోని వైర్ల తొడుగు కాలుతుంది.

ఇనుప బాడీ కూలర్ల విషయంలో ప్లగ్గు లేకుండా రెండు వైర్లనే సాకెట్టులో బిగించే అలవాటు మరీ ప్రమాదకరం. లోపలి తీగ తొడుగు ఊడి బాడీకి తగిలినప్పుడు, ఎర్తింగు, అనగా బాడీని భూమితో కలిపే మూడో తీగ ఉంటే కరెంటు ఆ దారిన పోతుంది. లేకుంటే తడి నేల మీద నిలబడి కూలరులో నీళ్లు పోస్తున్న మనిషి శరీరమే దారి అవుతుంది. వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడాకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ అనే స్విచ్చును పెట్టమనేది ఇందుకే. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా తయారు చేస్తారు. లోపలికి నెట్టేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగులుతుంది, లాగేటప్పుడు అన్నిటికంటే చివర విడుతుంది. అగ్గిపుల్లలతో బిగించిన రెండు తీగల పైన ఆ మూడో రంధ్రం ఖాళీగా ఉండిపోతుంది.